గోడౌన్ వాళ్లు స్కానర్ వాడటం లేదు, ఏం చేయాలి?

రాణిగంజ్‌లో పైపులు, వాల్వులు అమ్మే హోల్‌సేల్ షాపులో అకౌంట్స్, స్టాక్ నేనే చూస్తాను. గోడౌన్ బాలానగర్‌లో ఉంది. ఏప్రిల్ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. బిల్లింగ్‌తో ఇబ్బంది లేదు, ఎందుకంటే 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి, జీఎస్టీ నంబరున్న కస్టమర్‌కి అది లేకుండా బిల్లు చెల్లదు కాబట్టి కౌంటర్‌లో అందరూ నేర్చేసుకున్నారు.

గోడౌన్‌లోనే కదలడం లేదు. సరుకు దిగగానే స్కాన్ చేయాల్సింది పోయి నోటుబుక్కులో రాసుకుని, రాత్రి ఏడు దాటాక ఒకరే కూర్చుని అంతా ఎక్కిస్తున్నారు. దాంతో మధ్యాహ్నం స్క్రీన్‌లో స్టాక్ సున్నా అని చూసి కస్టమర్‌ని పంపించేస్తున్నాం, సరుకేమో లోపలే ఉంటోంది.

స్క్రీన్ తెలుగులోకి మార్చాం, వైఫై రేంజ్ పెంచాం, ట్రైనింగ్ మళ్లీ ఇప్పించాం. నోటుబుక్కు తీసేస్తే చీటీల మీద రాశారు! కొత్త టెక్నాలజీని మనుషులు ఎందుకు ఒప్పుకుంటారన్న దానిపై ఫ్రెడ్ డేవిస్ 1989లో చెప్పిన మోడల్ చదివాను: ఉపయోగం ఉందనిపించాలి, వాడటం తేలికనిపించాలి. తేలిక సంగతి చూశాం. ఉపయోగం మాత్రం కౌంటర్‌కే, గోడౌన్ వాళ్లకి అది అదనపు పని, పైగా లెక్క తేడా వస్తే జీతంలో కోస్తారన్న టెన్షన్. జీతం కోయబోమని ఓనర్ స్వయంగా చెప్పినా వాళ్లకి నమ్మకం కుదరలేదు. పాతవాళ్లు, మంచి పనిమంతులు, బలవంతం చేయడం నాకిష్టం లేదు.

సరుకు దిగిన వెంటనే స్కాన్ చేసే అలవాటు మీ గోడౌన్‌లో ఏం మార్చాక వచ్చింది?