‘ఐదంకెల జీతం’ అనే మాటకి ఇంకా అర్థం మిగిలిందా?

మొదటి టపా (విజయవాడ నుంచి)

‘ఐదంకెల జీతం వదులుకుని ప్రకృతి సేద్యం’. పత్రిక డెస్కులో పనిచేస్తాను కాబట్టి ఇలాంటి శీర్షికలు నా టేబుల్ మీదికి తరచుగా వస్తుంటాయి. లోపల వార్త చదివితే ఆ కుర్రాడి జీతం ఒకోసారి ఎనభై వేలు, ఒకోసారి పద్దెనిమిది వేలు. రెండూ ఐదంకెలే. పదివేల నుంచి లక్షకి ఒక్క రూపాయి తక్కువ దాకా అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంది ఈ మాట. అయినా వినగానే ‘అబ్బో, పెద్ద జీతమే’ అనిపిస్తుంది. ఆ బరువు దీనికి ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే పాత లెక్కలు దొరికాయి.

1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు రెండో షెడ్యూలులో రాసిన నెల జీతాలు చూడండి. రాష్ట్రపతికి 10,000. గవర్నరుకి 5,500. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి 5,000. ఆ పట్టిక మొత్తంలో ఐదంకెలు ఒక్క రాష్ట్రపతికే ఉన్నాయి. అక్కడి నుంచి ముప్ఫై ఆరేళ్లు ముందుకు రండి. 1986 నుంచి అమలైన నాలుగో వేతన సంఘం లెక్కలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో అందరికంటే పై మెట్టున ఉండే కేబినెట్ కార్యదర్శి మూలవేతనం 9,000. ఆయనది కూడా నాలుగంకెలే! 1996 నుంచి ఐదో సంఘం దాన్ని 30,000 చేసింది. ఇంచుమించు అప్పుడే, 1998లో, హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. ఇరవై మూడేళ్ల పిల్లలు నాన్న రిటైరయ్యేనాటి జీతాన్ని మొదటి నెలలోనే తెచ్చుకోవడం చూసిన రోజులవి. ‘అబ్బాయిది ఐదంకెల జీతం’ అని పెళ్లిళ్ల పేరయ్యలు గొంతు పెంచి చెప్పింది ఆ కాలంలోనే.

2016 నుంచి ఏడో సంఘం కనిష్ఠ మూలవేతనం 18,000. అంటే కేంద్ర ప్రభుత్వంలో అటెండరుగా చేరినా మొదటి నెల నుంచే ఐదంకెలు. మాట మాత్రం పాత దర్జాతోనే తిరుగుతోంది. శీర్షికల్లో దీన్ని మానేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు? దీని బదులు ఏం రాయొచ్చు?

జవాబు (నల్గొండ నుంచి)

అక్కా, మీరు అంకెల దగ్గర ఆగారు, నేను ‘జీతం’ దగ్గరే ఆగిపోయాను. మా దిక్కు ‘వాడు జీతం ఉన్నడు’ అంటే ఆఫీసులో నౌకరీ చేస్తున్నాడని కాదు. ఒక ఆసామి దగ్గర ఏడాదికి కుదిరి నాగలి, పశువులు, పేడ, నీళ్లు అన్నీ చూసుకుంటున్నాడని. అతను జీతగాడు. ఉగాది నుంచి ఉగాదికి మాట. ఏడాదికి ఇన్ని వడ్లు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. మా తాత అట్లా ఉన్నవాడే. పెళ్లికో, రోగానికో ముందే తీసుకున్న అప్పు ఆ వడ్లలో పట్టుకునేవాళ్లు. ఉగాది వచ్చేసరికి చేతిలో ఏమీ మిగిలేది కాదు, మళ్లీ అదే ఇంట్లో కుదిరేవాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. మా నాయనకి అప్పటికే మీసాలు వచ్చాయి.

అందుకే మా బాబాయికి సర్కారు నౌకరీ వచ్చినప్పుడు మా నాయనమ్మ ‘జీతం ఎంత’ అని అడగలేదు. ‘తన్ఖా ఎంత బిడ్డా?’ అని అడిగింది. ఆమె నోట జీతం అనేది ఒకరి వాకిట్లో పడి ఉండేవాళ్లకి. ‘పెద్ద జీతం’ అన్నా మా ఊళ్లో ముందు గుర్తొచ్చేది నాగలి పట్టే పెద్ద జీతగాడే. ఐదంకెలా, ఆరంకెలా అనే చర్చ చదువుతుంటే, అసలు డబ్బుల రూపంలో జీతం ముట్టడమే గొప్ప అనుకున్న ఇళ్లు కూడా ఈ భాషలోనే ఉన్నాయని చెప్పాలనిపించింది.

జవాబు (రాజమండ్రి నుంచి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

నల్గొండ తమ్ముడు మంచి సంగతి కదిపాడు. బడిలో ప్రకృతి వికృతులు చదువుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది: జీవితం ప్రకృతి, జీతం వికృతి. బతకడానికి ఇచ్చేది జీతం. దాని పక్కనే ఉండే బత్తెం కూడా భత్యానికి వికృతి, తిండిఖర్చుకి ఇచ్చేది. ‘జీతం బత్తెం లేకుండా తోడేలు మేకల్ని కాస్తానందట’ అనే సామెతలో ఆ రెండూ కలిసే వస్తాయి. ఊరికే చేస్తానని వచ్చినవాణ్ణి ముందు అనుమానించమని ఆ సామెత.

జీతం మీద తెలుగులో అందరికీ నోటికొచ్చిన పద్యం సుమతీ శతకంలో ఉంది.

అడిగిన జీతం బియ్యని
మిడిమేలపు దొరను గొల్చి మిడుకుటకంటెన్
వడిగల యెద్దుల గట్టుక
మడిదున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ!

‘అడిగిన జీతం’ అంటే ఏమిటి? దీనికి రెండు అర్థాలు చెప్పడం విన్నాను. ‘నేను కోరినంత జీతం’ అనేది ఒకటి. ‘అడిగినప్పుడు జీతం’ అనేది రెండోది, టీకల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మాటల కూర్పుని బట్టి చూస్తే మొదటిది సూటిగా వస్తుంది. ‘అడిగిన’ అనేది ‘జీతంబు’కి విశేషణం, మధ్యలో ‘అప్పుడు’ని మనమే చేర్చుకోవాలి. అయినా నేను రెండోదాని పక్షమే. ఎందుకంటే దొరకి కవి వేసిన విశేషణం చూడండి, ‘మిడిమేలపు దొర’. మిడిమేలం అంటే పొగరు. కోరినంత ఇవ్వని దొర పిసినారి కావచ్చు, లేనివాడు కావచ్చు. పని చేయించుకుని, నెల తిరిగాక చేయి చాస్తే ముఖం తిప్పుకునేవాడిదే పొగరు. ‘మిడుకుట’ అన్న మాట కూడా అక్కడే అతుకుతుంది. రావలసిన డబ్బు కోసం గుమ్మం దగ్గర నిలబడినవాడి లోపలి ఉడుకు అది.

ఇంకొకటి గమనించారా? ఈ పద్యంలో ఎక్కువ తక్కువల ఊసే లేదు. ఎంత ఇచ్చాడన్నది కవికి పట్టలేదు, ఇచ్చాడా లేదా అన్నదే పట్టింది.

జవాబు (డాలస్ నుంచి)

మాస్టారూ, నమస్కారం. నాది చిన్న అనుభవం. ఇక్కడ ‘ఆరంకెల జీతం’ అంటే ఏడాదికి లక్ష డాలర్లు దాటినట్టు. నేను ఆ మాటే ఫోన్లో మా పిన్నితో అన్నాను. గుంటూరులో ఆవిడ దాన్ని నెలకి లక్ష రూపాయలని తీసుకుంది. ‘అంత దూరం వెళ్లి ఇంతేనా, మన శీనుగాడు మాదాపూర్‌లోనే తెచ్చుకుంటున్నాడు కదరా’ అని బాధపడింది. తెలుగులో జీతం అంటే నెలది, ఇక్కడ ఏడాదిది. అంకెలు మాత్రం ఆరే. ఏడాదా నెలా, రూపాయా డాలరా చెప్పకుండా అంకెలు లెక్కపెడితే ఇదే గందరగోళం.

పైగా ఆ లక్ష డాలర్లు అన్ని చోట్లా ఒకటి కాదు. కాలిఫోర్నియా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ 2023 పట్టికలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒంటరిగా ఉండే మనిషికి 1,04,400 డాలర్ల దాకా ‘తక్కువ ఆదాయం’ కిందే లెక్క. డాలస్‌లో అదే జీతంతో ఒక్కడు హాయిగా బతుకుతాడు.

జవాబు (హైదరాబాద్ నుంచి)

ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను. ‘ప్యాకేజీ’ అనే మాట మీద కూడా ఒక చర్చ పెట్టాలండీ, ఐదంకెల కంటే ఎక్కువ మోసం చేసేది అదే. ఒక ఆఫర్ లెటర్ విప్పి చెప్తాను. ప్యాకేజీ ఏడాదికి 6 లక్షలు. ఇంట్లోవాళ్లు పన్నెండుతో భాగించి నెలకి 50 వేలు అనుకుంటారు. అందులో బేసిక్ 25 వేలు. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 3,000 ఆ యాభైలోదే. గ్రాట్యుటీ పేరుతో పక్కన పెట్టేది 1,200 పైచిలుకు, అదీ అందులోదే. పదిశాతం వేరియబుల్, అంటే 5,000. పనితీరు బాగుందంటే ఏడాది చివర వస్తుంది, లేకపోతే లేదు. ఇక మిగిలినదాంట్లో ఉద్యోగి వాటా పీఎఫ్ 3,000, వృత్తిపన్ను 200 పోతాయి. చేతికొచ్చేది దాదాపు 37,600.

ప్యాకేజీ చూస్తే ఆరంకెలు, చేతికొచ్చేది చూస్తే ఐదంకెలు. ఆ పిల్లాడు అబద్ధం చెప్పలేదు, కంపెనీ కూడా అబద్ధం రాయలేదు. కానీ పెళ్లి సంబంధం చూసినవాళ్లు, ఇంటి లోనుకి ప్లాన్ వేసుకున్న నాన్న ఇద్దరూ టెన్షన్ పడతారు. పాతవాళ్లు ‘చేతికెంత వస్తుంది?’ అని అడిగేవాళ్లు కదా, అంతకంటే సరైన ప్రశ్న నాకు ఇప్పటికీ దొరకలేదు.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

నేను ప్రైవేటు బడిలో టీచర్ని. ఎంఏ, బీఈడీ. జీతం తొమ్మిదిన్నర వేలు. మా బడిలో పదివేలు దాటినవాళ్లు ఇద్దరే, ఒకరు హెడ్ మాస్టారు, ఒకరు లెక్కల సారు. వేసవి సెలవుల్లో సగమే ఇస్తారు. ఐదంకెల మాటకి అర్థం పోయిందని మీరు రాశారు మేడం. మా స్టాఫ్ రూములో పోలేదు. ‘వచ్చే ఏడాదికైనా ఐదంకెలు చేస్తారేమో’ అని జూన్ వచ్చినప్పుడల్లా అనుకుంటాం. దయచేసి దాన్ని నిఘంటువులోంచి తీసేయమనకండి.

జవాబు (విజయవాడ నుంచి, మొదట రాసినామె)

శ్రీకాకుళం చెల్లీ, మీరు రాసింది చదివాక వెంటనే జవాబు రాయలేకపోయాను. నేను తీసేయమన్నది శీర్షికల్లోంచి. మీ నోట్లోంచి ఆ మాట తీసే హక్కు ఎవరికీ లేదు, అక్కడ అది సరిగ్గా దాని అసలు అర్థంతోనే బతికి ఉంది. ఇంకా చెప్పాలంటే, మీ పదివేల గీతకి ప్రభుత్వ కాగితాల్లోనూ చోటుంది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకి 2019లో నవశకం అనే సర్వే కింద పెట్టిన హద్దు పల్లెల్లో ఇంటి ఆదాయం నెలకి 10,000, పట్టణాల్లో 12,000. పల్లెలో ఇంటి ఆదాయం పదివేలు దాటిందంటే ఆ లెక్కలో ఆ ఇల్లు పేదది కాదు.

మరో కాగితం తిప్పితే ఇంకో మాట. ఈఎస్‌ఐ వైద్యానికి హద్దు నెలకి 21,000. 2019లో వచ్చిన ఆర్థికంగా బలహీన వర్గాల రిజర్వేషన్‌కి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే చాలు, అంటే నెలకి అరవై ఆరు వేల పైచిలుకు వచ్చే ఇల్లూ బలహీనమే. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు. బియ్యం దగ్గర పదివేలే ఎక్కువ, పన్ను దగ్గర నెలకి లక్ష కూడా తక్కువే. ప్రతి హద్దు వెనకా ఏదో ఒక కారణం ఉందని ఒప్పుకుంటాను. కానీ ఇవన్నీ చూశాక ‘పెద్ద జీతం’ అనే మాటని ఏ పోలికా లేకుండా రాయడం పాఠకుడికి అన్యాయమనే నాకనిపిస్తోంది.

జీతం పెద్దదని ఎలా చెప్పాలో తెలిసినవాడు గాంధీగారు. 1930 మార్చి 2న, దండి యాత్రకి ముందు, వైస్రాయ్ ఇర్విన్‌కి రాసిన ఉత్తరంలో ‘మీ జీతం నెలకి 21 వేల పైన’ అని అంకె వేసి ఊరుకోలేదు. రోజుకి 700 రూపాయలకి పైగా మీకొస్తుంటే సగటు భారతీయుడికి రోజుకి రెండణాలు కూడా రావడం లేదు, అంటే మీది ఐదువేల రెట్లకి పైమాటే అని లెక్క కట్టారు. బ్రిటన్ ప్రధానికి అక్కడి సగటు మనిషి కంటే తొంభై రెట్లే వస్తుందని పక్కనే రాశారు. మరుసటి ఏడాది కరాచీ కాంగ్రెస్ తీర్మానం ప్రభుత్వ ఉద్యోగి జీతం సాధారణంగా నెలకి 500 దాటకూడదంది. ఆ అంకె ఈ రోజు మనకేమీ చెప్పదు. ఐదువేల రెట్లు అనే మాట మాత్రం తొంభై ఏళ్ల తర్వాత చదివినా గుచ్చుకుంటుంది. అదే పద్ధతిలో వేతన సంఘాల పట్టికని మళ్లీ చూశాను. 1986లో కింది మెట్టు 750, పై మెట్టు 9,000, పన్నెండు రెట్లు. 2016లో 18,000 నుంచి 2,50,000, దాదాపు పద్నాలుగు రెట్లు. అంకెలు ఎంతో పెరిగాయి కానీ కింది మెట్టుకీ పై మెట్టుకీ మధ్య దూరం పెద్దగా మారలేదు.

కాబట్టి మా డెస్కు కోసం నేను రాసుకున్నది ఇది. జీతం రాస్తే అంకె పూర్తిగా రాయాలి. నెలదో ఏడాదిదో, ప్యాకేజీనో చేతికొచ్చేదో చెప్పాలి. ‘పెద్ద’, ‘భారీ’ అనాలంటే ఎవరితో పోల్చి అంటున్నామో అదే వాక్యంలో ఉండాలి. ‘ఐదంకెలు’ అని ఎవరైనా స్వయంగా అంటే కొటేషన్‌లో అలాగే ఉంచాలి. మాస్టారూ, ‘అడిగిన జీతం’ విషయంలో మీ పక్షమే నాది కూడా. వేసవిలో సగం జీతం ఇచ్చే బడి గురించి చదివాక మరీను.

మన గుంపు పదపట్టికలో దీన్ని చేర్చుదాం. అందుకు నాకో సాయం కావాలి. ‘మూడంకెల జీతం’, ‘నాలుగంకెల జీతం’ అనే వాడుక మీ ఇళ్లలో ఎవరైనా విన్నారా? 1960, 70ల పత్రికల్లోనో, పాత ఉత్తరాల్లోనో కనిపిస్తే ఏ ఏడాదిదో, అప్పుడు ఆ మనిషి చేసిన ఉద్యోగమేమిటో కూడా కలిపి రాయండి. నల్గొండ తమ్ముడూ, ‘జీతం ఉండటం’, ‘జీతగాడు’, ‘తన్ఖా’ మూడూ మీ పేరునే చేరుస్తాను. గొంగడి, చెప్పులు కాక ఇంకేమైనా ఇచ్చేవారేమో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చెప్పగలరా?