1970 షెవ్రొలే సి10 పికప్: పది నిమిషాలకే ఆరిపోతున్న హెడ్‌లైట్లు, బ్రేకు తొక్కితే మసకబారుతున్న వెనక లైటు

పాతపికప్:
బండి 12 వోల్టులు, నెగెటివ్ ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్ బండి ఒంటికి కలిపి ఉంటుంది). రెండు తంటాలు.

ఒకటి: హెడ్‌లైట్లు వేసిన పది పదిహేను నిమిషాలకి రెండూ ఒక్కసారే ఆరిపోతాయి. వెనక లైట్లు, డాష్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. నిమిషం లోపే హెడ్‌లైట్లు వాటంతటవే వస్తాయి, మళ్లీ పోతాయి. పాత సీల్డ్ బీములు (అద్దం, ఫిలమెంటు ఒకటిగా ఉండే లైట్లు) తీసేసి 100/90 వాట్ల (హైబీము 100, డిప్పు 90) హెచ్4 బల్బులు పెట్టి ఉన్నాయి.

రెండు: వెనక లైట్లు వెలుగుతుండగా బ్రేకు తొక్కితే ఎడమది బాగానే ఉంటుంది, కుడిది దాదాపు ఆరిపోతుంది. లైటు స్విచ్ ఆపేసి బ్రేకు తొక్కితే ముందు పార్కింగ్ లైట్లు సన్నగా వెలుగుతున్నాయి. బల్బులు కొత్తవి, ఫ్యూజులు బాగున్నాయి. లైటు స్విచ్ మార్చేస్తే రెండూ పోతాయా?

రాగితీగ:
పోవండీ. ఇవి రెండు వేర్వేరు జబ్బులు. తేలికైన రెండోదానితో మొదలుపెడదాం.

కుడి వెనక లైటుకి ఎర్త్ అందడం లేదు. అందులో ఉండే 1157 రకం బల్బులో బ్రేకుకొకటి, వెనక లైటుకి చిన్నదొకటి, రెండు ఫిలమెంట్లు, రెండింటికీ ఎర్త్ ఒక్కటే: బల్బు ఇత్తడి ఒళ్లు. ఆ దారి మూసుకుపోతే బ్రేకు ఫిలమెంటులోకి వచ్చిన కరెంటు పక్కనున్న చిన్న ఫిలమెంటు గుండా వెనక్కి, గోధుమరంగు వైరులోకి పోతుంది. ఆ వైరు మీదే ముందు పార్కింగ్ లైట్లు కూడా ఉన్నాయి, అందుకే అవి వెలుగుతున్నాయి. లైట్లు వేసి ఉన్నప్పుడైతే గోధుమరంగు వైరులోనూ 12 వోల్టులే ఉంటాయి. అప్పుడు బల్బుకి రెండు వైపులా సమానమైన వోల్టేజీ, కరెంటు పారడానికి చోటే లేదు. కుడి ఇండికేటర్ కూడా పిచ్చిగా చేస్తూ ఉండాలి, చూడండి.

నిర్ధారణకి: మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ పోస్టు మీద, ఎర్ర ప్రోబ్ బల్బు హోల్డరు లోపలి ఇత్తడి మీద ఉంచండి. ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ దారి బాలేదు. బల్బు ఆపి ఉండగా చేసే కంటిన్యుటీ పరీక్షని (వైరు తెగిందా లేదా అని చూసేది) నమ్మకండి. ఒక్క రాగి పోగు మిగిలినా మీటరు బీప్ కొడుతుంది, కానీ ఆ పోగు బ్రేకు బల్బుకి కావలసిన 2 ఆంపియర్లు మోయలేదు.

ఈ బండ్లలో వెనక పెట్టెకీ ఛాసిస్‌కీ మధ్య చెక్క, పెయింటు, తుప్పు పట్టిన బోల్టులే ఉంటాయి. బోల్టులు బిగించి ఊరుకోకండి. లైటు ఒంటి నుంచి ఛాసిస్‌కి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేసి, రింగు కూర్చునే చోట మెరిసే ఇనుము కనపడేదాకా గీకండి. పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూయండి. ఎడమదానికీ ఇప్పుడే వేసేయండి.

మీటరుచేతిలో:
మొదటి తంటాకి కారణం మీ బల్బులే. ఈ లైటు స్విచ్ లోపల హెడ్‌లైట్ల కోసం ద్విలోహ పట్టీతో చేసిన బ్రేకర్ ఉంటుంది. వేడెక్కితే వంగి విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. వెనక లైట్లది వేరే ఫ్యూజు కాబట్టి అవి ఆరవు. 50 వాట్ల డిప్పు బల్బులు రెండు సుమారు 8 ఆంపియర్లు లాగితే, 90 వాట్లవి 15 లాగుతాయి. స్విచ్ మారిస్తే కొత్తదీ ఇలాగే వేడెక్కుతుంది.

స్విచ్ వెనక కనెక్టరు లాగి చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, లోపలి ఇత్తడి రేకు మెరుపు పోయి మెత్తబడి ఉంటే దాని బిగువు చచ్చిపోయినట్టే. పట్టు సడలితే అక్కడే ఇంకా వేడి పుడుతుంది. శుభ్రం చేసినా నిలవదు, కనెక్టరే మార్చాలి. డిప్పు, హైబీము మార్చే, కాలి దగ్గరి డిప్పర్ స్విచ్ కూడా తేమకీ మట్టికీ తొందరగా చెడుతుంది. లేత నీలం వైరు లోపలికి, డిప్పుకి ముదురు చర్మం రంగుది, హైబీముకి లేత ఆకుపచ్చది. లైట్లు వేసి, నీలానికీ వెలుగుతున్న బీము వైరుకీ మధ్య కొలవండి. 0.3 వోల్టు దాటితే ఆ స్విచ్ తీసేయండి.

ఏం చేసినా బ్రేకర్‌ని తప్పించి నేరుగా వైరు కలపకండి. ఆ పాత వైర్లలో బలహీనమైన చోట నిప్పు పుడుతుంది. సరయ్యేదాకా రాత్రిపూట బండి తీయకండి, హెడ్‌లైట్లు ఎక్కడ ఆరతాయో చెప్పలేం.

పాతపికప్:
కొలిచాను. బ్రేకు తొక్కితే కుడి హోల్డరు మీద 4.8 వోల్టులు, ఎడమది 0.1. కొత్త ఎర్త్ వైరు వేశాక కుడిదీ 0.1, బ్రేకు లైటు బాగుంది, పార్కింగ్ లైట్లు వెలగడం లేదు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9, డిప్పు బల్బు దగ్గర 11.2. స్విచ్ కనెక్టరు గోధుమరంగే.

మీటరుచేతిలో:
దారిలోనే 2.7 వోల్టులు పోతున్నాయి. ఫిలమెంటు వెలుగు వోల్టేజీ కన్నా చాలా వేగంగా పడిపోతుంది. మీకు అందాల్సిన వెలుగులో దాదాపు సగమే రోడ్డు మీద పడుతోంది. 60/55 వాట్ల బల్బులకి దిగి రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్‌లు) పెడితే ఇప్పటికన్నా బాగా కనపడుతుంది, స్విచ్ మీద భారం కూడా తగ్గుతుంది.

30 ఆంపియర్ల రిలేలు రెండు తీసుకోండి, డిప్పుకొకటి, హైబీముకొకటి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, పోస్టుకి జానెడు లోపే 20 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి రెండు రిలేల మీద 30 అని రాసి ఉన్న పిన్నుకి. 87 నుంచి ఒక్కో బల్బుకి 2.5 వైరు. ఇప్పటిదాకా బల్బులకి వెళ్తున్న చర్మం రంగు వైరు డిప్పు రిలే 86కి, లేత ఆకుపచ్చది రెండోదాని 86కి. 85 ఎర్త్. రిలే కాయిల్‌కి ఆంపియరులో అయిదో వంతు చాలు కాబట్టి పాత స్విచ్, పాత వైర్లు చల్లగా ఉంటాయి.

రాగితీగ:
ఒక్క మాట కలుపుతాను. హెడ్‌లైట్ల ఎర్త్ వైర్లని రేడియేటర్ చట్రానికి వదిలేయకండి, 2.5 వైరుతో బ్యాటరీ నెగెటివ్ దాకా తీసుకెళ్లండి. బిగించాక అరగంట డిప్పు వేసి ఉంచి, స్విచ్ కనెక్టరునీ ఫ్యూజు హోల్డరునీ చేత్తో తాకండి. ఫ్యూజు హోల్డరు గోరువెచ్చన దాటి వేడిగా ఉంటే అక్కడి క్రింపు (వైరు కొసని నొక్కి బిగించిన చోటు) సరిగా పడలేదు, కోసి మళ్లీ వేయండి.