హాంకాంగ్‌లో బ్యాక్‌ప్యాకర్ జంటకు అయిదు రోజులు దండగా?

సంచీ సవారి:
నేనూ మా ఆవిడా భుజాన సంచులేసుకుని హాంకాంగ్, వియత్నాం తిరుగుదామనుకుంటున్నాం. హాంకాంగ్‌కి అయిదు రోజులు పెట్టాను. ఫ్రెండ్ మాత్రం "అక్కడ ఒక్క రాత్రి గది అద్దెతో వియత్నాంలో మూడు రోజులు గడుస్తాయి, ఒక్కరోజు చూసి వచ్చేయండి" అంటున్నాడు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

లెక్కల మనిషి:
మీ ఫ్రెండ్ మాటే కరెక్టు. మేం నాథన్ రోడ్డులో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. ఒకరు మంచమెక్కితేనే ఇంకొకరు తలుపు తీయగలరు. షవర్ సరిగ్గా కమోడ్ నెత్తిన. ఫొటోలో కిటికీ చూపించారు, ఉంది కూడా. తెరిస్తే పక్క బిల్డింగ్ ఏసీ! రెండో రోజుకల్లా మా ఇద్దరికీ మాటల్లేవు. పోనీ బయటికెళ్దామంటే కొండెక్కించే పీక్ ట్రామ్, కేబుల్ కార్, డిస్నీల్యాండ్... అన్నీ జేబుకి చిల్లే.

నడక పిచ్చి:
లెక్కల మనిషి గారూ, గది మీద కోపం ఊరి మీద చూపిస్తున్నారు. అక్కడ పిరమైంది జాగా. తిరగడం కాదు. 1904 నుంచి నడుస్తున్న ట్రామ్‌లో మూడు డాలర్ల పైచిలుకుకే (హాంకాంగ్ డాలర్లే లెండి) ఆ కొస కెన్నెడీ టౌన్ నుంచి ఈ కొస షావ్ కీ వాన్ దాకా పై అంతస్తులో కూర్చుని వెళ్లొచ్చు. వెనక తలుపు నుంచి ఎక్కాలి, ముందు తలుపు నుంచి దిగేటప్పుడు డబ్బులివ్వాలి. చిమ్ షా చుయ్ నుంచి అవతలి ఒడ్డున ఉన్న సెంట్రల్ అనే పేటకి హార్బర్ దాటించే స్టార్ ఫెర్రీ పడవ కూడా చవకే. రాత్రి 8కి హార్బర్ దీపాల షోకి టికెట్టే లేదు.

కొండ మీదికి పీక్ ట్రామే ఎందుకు? సెంట్రల్ నుంచి 15 నంబర్ బస్సుంది. ఆ మలుపుల్లో ఎంత అలిగిన ఆవిడైనా మీ చెయ్యి పట్టుకుంటుంది! పైన లుగార్డ్ రోడ్డులో నడిస్తే హార్బర్ అంతా ఊరికే కనిపిస్తుంది. ఇంకో మాట, హాంకాంగ్ నేలలో దాదాపు 40 శాతం కంట్రీ పార్కులే (కట్టడాలు రాకుండా కాపాడుతున్న కొండలూ అడవులూ). డ్రాగన్స్ బ్యాక్ కొండ నడిచి బిగ్ వేవ్ బే బీచ్‌లో దిగితే ఒక రోజు గడిచినట్టే. ఇవన్నీ ఒక్కరోజులో ఎలా కుదురుతాయి?

లెక్కల మనిషి:
ఆగస్టులో నడిచి చూడండి. పైగా తుఫానుకి 8వ నంబర్ సిగ్నల్ వేస్తే ఫెర్రీలు ఆగిపోతాయి, మ్యూజియాలు మూసేస్తారు. ఇక మీకు మిగిలేది ఆ గదే.

నడక పిచ్చి:
అది ఒప్పుకుంటా. మేం వెళ్లింది నవంబరులో.

ఓడరేవు:
ఇద్దరూ వదిలేసిన సంగతి, శుక్ర శనివారాల్లో గదుల రేట్లు పెరుగుతాయి. ఆదివారం దిగి గురువారం బయల్దేరండి. బుధవారం రాత్రి హ్యాపీ వ్యాలీలో గుర్రప్పందాలుంటే 10 డాలర్లిచ్చి లోపలికెళ్లొచ్చు (పందెం కాయమని కాదు). ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రైలు వద్దు, నాథన్ రోడ్డుకి ఏ21 బస్సుంది. గెస్ట్‌హౌస్‌కి లైసెన్సుందో లేదో చూసుకోండి. భారత పాస్‌పోర్టయితే హాంకాంగ్‌లోకి రావడానికి ఆన్‌లైన్‌లో ముందే రిజిస్టర్ చేసుకోవాలి. ఫీజు లేదు, 14 రోజుల దాకా ఉండొచ్చు.

సంచీ సవారి:
థాంక్సండీ. నవంబరు, ఆదివారం నుంచి గురువారం, నాలుగు రాత్రులు. మా ఆవిడ ఇదంతా చదివి ఒక్కటే షరతు పెట్టింది: కిటికీ అవతల ఏముందో బుక్ చేసే ముందే అడగాలట.