మిరప పూతలో నల్లగా సన్న పురుగులు, పూత రాలిపోతోంది, ఏం కొట్టాలి?

మాది ప్రత్తిపాడు దగ్గర అన్నా, ఎకరంన్నర మిరప, పూత బాగానే వచ్చింది కానీ రాలిపోతా ఉంది, ఆకులు పైకి ముడుచుకుంటున్నాయి, షాపాయన నల్లి (ఆకు రసం పీల్చే మైట్) అని మందు ఇచ్చాడు, తగ్గలే. ఎవరన్నా చెప్పండి ప్లీజ్

జవాబు 1:
నల్లి అయితే ఆకు కిందికి ముడుచుకుంటది తమ్ముడూ, పైముడత అంటే తామర పురుగే (త్రిప్స్). పువ్వు తెంపి తెల్ల కాగితం మీద దులుపు, నల్లగా సన్నగా పాకితే నల్ల తామర పురుగు, 2021లో గుంటూరు, ఖమ్మం తోటల్ని ఊడ్చేసింది ఇదే

జవాబు 2:
నీలం జిగురు అట్టలు పెట్టండి, మొక్క ఎత్తులోనే ఉండాలి. వేపనూనె 1500 పీపీఎం (డబ్బా మీద రాసుండే గాఢత) లీటరు నీళ్ళకి 5 ఎం.ఎల్. సాయంత్రం పూట పువ్వు తడిసేలా కొట్టండి. సింథటిక్ పైరిత్రాయిడ్లు (ఒక రకం రసాయన పురుగు మందులు) మాత్రం వద్దండీ, దీన్ని తినే మిత్ర పురుగులు చచ్చి ఇది ఇంకా పెరుగుద్ది, నాలుగు మందులు కలిపి కొట్టడం అసలొద్దు

జవాబు 3:
యూరియా తగ్గించు బ్రదర్, లేత చిగురు ఎక్కువైతే దానికి పండగే. పురుగు మట్టిలోనే కోశ దశ (ప్యూపా) గడుపుద్ది కాబట్టి వచ్చే ఏడు మల్చింగ్ షీట్ (నేల మీద కప్పే ప్లాస్టిక్ షీట్) వేసి, చుట్టూ అడ్డుగా జొన్న రెండు మూడు సాళ్ళు పెట్టు

ప్రశ్న అడిగినాయన:
థాంక్స్ అన్నా, దులిపి చూశా, నల్లవే. అట్టలు రేపే తెస్తా