రేసింగ్ గేమ్స్ ఆడితే నిజం డ్రైవింగ్‌కి ఏమైనా పనికొస్తుందా?

ప్రశ్న: వీల్, పెడల్స్ పెట్టుకుని సిమ్ రేసింగ్ (అచ్చం నిజం కారు నడిపినట్టుండే గేమ్స్) ఆడతాను, అందులో అసెట్టో కోర్సా అనే గేమే ఎక్కువ. ఇప్పుడు కారు నేర్చుకోబోతున్నా. గేమ్‌లో కుదిరిన చెయ్యి రోడ్డు మీద కలిసొస్తుందా, లేకపోతే అలవాట్లు చెడతాయా? రెండూ చేసినవాళ్ళు చెప్పండి అన్నా.

రిప్లై 1: కచ్చితంగా పనికొస్తుంది బ్రో. 2008లో నిస్సాన్, ప్లేస్టేషన్ కలిసి జీటీ అకాడమీ పెట్టి గ్రాన్ టురిస్మో అనే రేసింగ్ గేమ్ ఆడేవాళ్ళలోంచే రేసర్లని తయారుచేశాయి. మొదటి విన్నర్ లూకాస్ ఓర్డోన్యెజ్ 2011లో లె మాన్ 24 గంటల రేసులో తన కార్ల క్లాసులో సెకండ్ వచ్చాడు, ఇంకేం కావాలి?

రిప్లై 2: నిజమే కానీ వాళ్ళకి అసలు కార్లలో బోలెడు ట్రైనింగ్ ఇచ్చాకే అక్కడిదాకా పంపారు, అది మర్చిపోకండి. పైగా ట్రాక్ మీద అందరూ ఒకే వైపు పోతారు, ఎదురు బండి రాదు, పిల్లాడు అడ్డం పరిగెత్తడు. గేమ్ కళ్ళకీ చేతులకీ నేర్పుతుంది, ఒంటికి నేర్పదు. వెనక చక్రాలు జారడం మొదలైతే నిజం కార్లో సీట్లోనే తెలిసిపోతుంది, గేమ్‌లో స్క్రీన్ తిరిగాక గానీ తెలీదు. స్పీడ్ సంగతి ఇంకా ఘోరం, స్క్రీన్ మీద 120 కూడా నిదానంగానే అనిపిస్తుంది, రోడ్డు మీదేమో 60లో వెళ్తున్నా సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం, అడ్డమొచ్చింది చూసి కాలు బ్రేక్ మీదికి వెళ్ళేసరికి సెకనున్నర పట్టిందనుకో, బ్రేక్ పడకముందే 25 మీటర్లు అయిపోయాయి. స్పీడ్ డబులైతే బ్రేక్ పడ్డాక ఆగే దూరం నాలుగింతలు. గేమ్‌లో ప్రతి మలుపూ కంఠస్థం కాబట్టి చివరి క్షణంలో బ్రేక్ కొట్టడం అలవాటైపోతుంది తమ్ముడూ, ముందు అది వదిలించుకో.

రిప్లై 3: నా భయం చేతి అలవాట్ల గురించి కాదండీ, మనసు గురించి. 2007లో జర్మనీ పరిశోధకులు చూస్తే, రేసింగ్ గేమ్ ఆడిన వెంటనే ట్రాఫిక్ సీన్లు చూపించినప్పుడు కొందరు, ముఖ్యంగా మగవాళ్ళు, ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. ఆడిన వెంటనే తాళాలు పట్టుకుని బయల్దేరకండి, దయచేసి.

ప్రశ్న అడిగిన వ్యక్తి: థాంక్స్ అండీ, ఇది ఆలోచించనేలేదు. మరి గేమ్‌లోంచి ఏది ఉంచుకోవాలి?

రిప్లై 2: చూపు. బానెట్ ముందుకి కాకుండా మలుపు చివరికి చూడటం నీకు ఇప్పటికే వచ్చుంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అదే కష్టం. అద్దాలు చూడటం మాత్రం మొదట్నుంచీ నేర్చుకో. కారుకి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉంటే ఖాళీ గ్రౌండ్‌లో, నేర్పేవాళ్ళని పక్కన పెట్టుకుని, 40లో ఒకసారి బ్రేక్ పూర్తిగా తొక్కు, పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, అప్పుడు భయపడి కాలు తియ్యకు, కారు ఆగేదాకా అలాగే నొక్కి పట్టు.