అప్‌డేట్: అత్తయ్యకు ఇంట్లోనే ప్రభురాత్రి భోజనం

మోకాలి ఆపరేషన్ తర్వాత మా అత్తయ్య చర్చి మెట్లు ఎక్కలేకపోతున్నారని, ఐదు నెలలుగా ప్రభురాత్రి భోజనం (యేసును తలచుకుంటూ చర్చిలో తీసుకునే రొట్టె, ద్రాక్షరసం) లేక కుమిలిపోతున్నారని, పాస్టర్ అయ్యగారిని ఇంటికి రమ్మనడం బాగుంటుందా అని అడిగాను కదా. మొహమాటపడకుండా ఫోన్ చెయ్యమన్నారు మీరంతా. చేశాను.

"ముందే చెప్పాల్సిందమ్మా, రాలేనివాళ్ల దగ్గరికి మేమే రావాలి" అన్నారాయన.

మొదటి ఆదివారం ఆరాధన అవగానే, అంత ఎండలో, స్త్రీల సమాజం నుంచి నలుగురిని తీసుకుని వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, చిన్న పళ్లెంలో రొట్టె, బొటనవేలంత గ్లాసుల్లో ద్రాక్షరసం పెట్టారు. అత్తయ్య తలమీద కొంగు కప్పుకున్నారు. అయ్యగారు 121వ కీర్తన మొదలుపెడితే, బైబిల్ తెరవకుండానే ఎనిమిది వచనాలూ ఆయనతోపాటు చెప్పారు. రొట్టె అందుకుంటుంటే ఆవిడ చేతులు వణికాయి. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఫోన్లో ఆరాధన చూపించమన్నవాళ్లకు కూడా థాంక్స్. అది ముందునుంచీ చూపిస్తున్నాం. కానీ పక్కన మనిషి కూర్చుని పాడితే ఆవిడ గొంతు కలుపుతారు, ఫోన్‌తో ఎప్పుడూ పాడలేదు.

ఇకనుంచి బుధవారం గృహకూటం, అంటే ఇళ్లల్లో జరిగే ప్రార్థన కూడిక, మా ఇంట్లోనే. ఇంకో రెండు చాపలు కొనాలి.