పితూరీ: మన్యంలో ఒకటి, మా అరుగు మీద ఒకటి

"ఇన్‌ఫార్మర్‌కి గోదావరి జిల్లాల్లో వాడుక మాట ఏంటండీ?" అని నిన్న ఒకరు అడిగారు. వేగు అని ఒకరు, ఉప్పందించేవాడు అని ఇంకొకరు చెప్పారు. రెండూ సరైనవే. కానీ మా కోనసీమ ఇంట్లో ముందు నోటికొచ్చే మాట పితూరీ, అంటే చాడీ.

మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని చీపుళ్ళకి కొబ్బరాకు ఈనెలు తీసేది. అన్నయ్య పంటకాలవలో దూకాడని చెప్పడానికి నేను పరిగెత్తుకెళ్తే, చేతిలో కత్తి ఆపకుండానే "వచ్చిందమ్మా పితూరీల మూట! వాడు మునిగిపోతున్నాడా? లేదు కదా. అయితే వాడొచ్చాక వాణ్ణే అడుగుతాను, నువ్వెళ్ళి ఆడుకో" అనేది. మునిగిపోతుంటే అది కబురు. వాడికి తిట్లు తినిపించడానికి చెబితే పితూరీ. ఆ తేడా ఆవిడ అంత తేలిగ్గా చెప్పేసింది.

తర్వాత బళ్ళో 'రంప పితూరీ' అన్న పాఠం వచ్చింది. ఎవరు ఎవరి మీద చాడీ చెప్పారా అని చాలాసేపు వెతికాను. తీరా చూస్తే అది తిరుగుబాటు. 1879లో కల్లు మీద పన్ను, ముఠాదార్ల (కొన్నేసి కొండ ఊళ్ళ మీద పెత్తనం ఉన్నవాళ్ళ) హక్కుల గొడవ ముదిరి రంప కొండల్లో రేగింది. మళ్ళీ 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళింది. దాన్నీ పితూరీ అనే అన్నారు.

మాట అరబీ 'ఫుతూర్'. అక్కడ సడలిపోవడం, నీరసించడం అని అర్థం. ఉర్దూలోకి వచ్చేసరికి లోపం, అలజడి, కలతలు రేపడం అయింది. హిందీలో ఇప్పుడు ఫితూర్ అంటే తలకెక్కిన పిచ్చి. మన నోట్లో ఫకీరు పకీరైనట్టే ఫితూరీ పితూరీ అయింది.

ఒకే మాటకి ఈ రెండు అర్థాలూ ఎలా కుదిరాయంటే, నాకు తోచింది ఇది: రెండిట్లోనూ ఉన్నది కలతే. సర్కారు కళ్ళకి మన్యం తిరగబడటం ఒక అలజడి. ఇంటి పెద్దకి చాడీ ఇంకో అలజడి, అన్నదమ్ముల మధ్య పెట్టేది. పేరు పెట్టింది పాలించేవాళ్ళ వైపు నుంచే. అయినా మన పుస్తకాలు ఇప్పటికీ రంప పితూరీ అని గౌరవంగానే రాస్తున్నాయి. ఆ మాట మార్చాలనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ కొండల్లో పోయిన ప్రాణాలు దాని అర్థాన్ని ఎప్పుడో మార్చేశాయి.

వాడుకలో పట్టుకోవడం సులువే. 'పితూరీ లేచింది' అంటే తిరుగుబాటు. 'పితూరీలు చెప్పాడు', 'మోశాడు' అంటే చాడీలు, ఎక్కువగా బహువచనంలోనే. 'నా మీద పితూరీ చేశాడు' అన్నా చాడీయే, అక్కడ 'మీద' అన్న మాటే గుర్తు.

అడిగినవారికి ఒక్క జాగ్రత్త. పాత సర్కారు రికార్డుల్లో ఫితూరీదార్లు అని కనబడితే ఇన్‌ఫార్మర్లని అనుకోకండి. వాళ్ళు తిరగబడ్డవాళ్ళు. వాళ్ళు ఏ గుట్ట దాటారో సర్కారుకి చేరవేసినవాడు వేగు.